కిస్తీల వ్యాపారం: లాభం ఎక్కడ ఆగుతుంది, వడ్డీ ఎక్కడ మొదలవుతుంది?

వ్యాపారం హలాల్, వడ్డీ హరామ్. ఈ సంగతి మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ ఫలానా లావాదేవీ ఎదురుగా వచ్చి నిలబడినప్పుడు అది ఈ రెంటిలో దేని కిందికి వస్తుందో తేల్చుకోవడం మాత్రం పెద్దవాళ్లకు కూడా కష్టమే. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ, జూలూరుపాడు, అన్నపురెడ్డిపల్లి వైపు యువకులు ఈ మధ్య అడుగుతున్న ప్రశ్న అలాంటిదే. వీళ్లకు బజారులో దుకాణం లేదు. దుకాణమంతా చేతిలోని సెల్‌ఫోన్‌లోనే ఉంది. కుట్టుమిషన్లు, మిక్సీలు, ఫోన్లు, బట్టలు వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి అమ్ముతారు. కొనేవాళ్లలో ఎక్కువమంది పత్తి, మిర్చి రైతులు, కూలీలు, గూడేల్లో ఉండే గిరిజన కుటుంబాల వాళ్లు. ఒకేసారి తొమ్మిది, పదివేలు తీసి ఇచ్చే స్థితి వాళ్లకు పత్తి అమ్ముకున్న రోజుల్లో తప్ప ఉండదు. కాబట్టి "నెలకింత ఇస్తాం, వస్తువు ఇప్పుడివ్వు" అంటారు.

వారిలో ఒక సోదరుడు ఇలా అడిగాడు: "హజ్రత్, కుట్టుమిషను నగదుకైతే 9,000. ఆరు కిస్తీల మీదైతే నెలకు 1,700 చొప్పున 10,200. ఆ పైన వచ్చే 1,200 నాకు హలాలా, లేక పేరు మార్చుకున్న వడ్డీయా? మా పెద్దన్న వడ్డీయే అంటున్నాడు. పెద్ద కంపెనీలన్నీ ఆన్‌లైన్‌లో ఇలాగే అమ్ముతున్నాయి కదా అని నేనంటున్నాను."

నా దృష్టిలో అన్నదమ్ములిద్దరూ చెరో చోట పొరబడ్డారు. తమ్ముడు చేస్తున్న పని ధర్మసమ్మతమే, కొన్ని షరతులతో. అయితే దానికి అతను చూపించిన ఆధారం మాత్రం తప్పు. పెద్ద కంపెనీలు చేస్తున్నదీ, తాను చేస్తున్నదీ ఒకటి కాదు.

ముందు అసలు విషయం చూద్దాం. వాయిదాల మీద అమ్మడం, కొనడం ఈ కాలం వాళ్లు కనిపెట్టినది కాదు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ప్రకారం దైవప్రవక్త (స) ఒక యూదుడి దగ్గర ఆహారధాన్యం అరువుకు కొని, తమ ఇనుప కవచాన్ని అతని దగ్గర తాకట్టు ఉంచారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉంది. అంతకన్నా మన విషయానికి దగ్గరగా ఉన్నది బరీరా (రజి) ఉదంతం. ఆమె బానిస స్త్రీ. తన స్వేచ్ఛను తానే కొనుక్కోవడానికి యజమానులతో తొమ్మిది ఊఖియాల వెండికి ఒప్పందం చేసుకుంది, ఏడాదికి ఒక ఊఖియా చొప్పున. అంటే తొమ్మిదేళ్ల కిస్తీలు! ఆ డబ్బు కోసం సాయమడగడానికి హజ్రత్ ఆయిషా (రజి) దగ్గరకు వస్తే, మొత్తం ఒకేసారి చెల్లించడానికి ఆమె ముందుకొచ్చారు. ఆ సందర్భంలో యజమానులు పెట్టిన ఒక షరతును (విడుదల తర్వాత కూడా వారసత్వ సంబంధం తమకే ఉండాలన్న షరతును) దైవప్రవక్త (స) తీవ్రంగా ఖండించారు. కిస్తీల పద్ధతిని మాత్రం తప్పుపట్టలేదు.

కాబట్టి వాయిదాల విషయంలో సందేహం లేదు. సందేహమంతా ఆ 1,200 రూపాయల మీదే.

పెద్దన్న వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. "మిషను అదే, ఇనుము అదే, సూది అదే. ఈ రోజు డబ్బిస్తే 9,000, ఆరు నెలల్లో ఇస్తే 10,200. మధ్యలో పెరిగిందేమిటి? కాలం ఒక్కటే. కాలానికి డబ్బు తీసుకోవడమే వడ్డీ కదా" అని ఆయన అంటున్నాడు. ఇటీవలి కాలపు హదీసు పండితుల్లో షేక్ నాసిరుద్దీన్ అల్బానీ (రహ్మలై) కూడా ఈ అదనపు ధర కూడదన్న వైపే ఉన్నారు. ఆయన 1999లో మరణించారు. కానీ నాలుగు మజ్‌హబ్‌ల ఇమాములు, సమస్త ఫుఖహాలలో అత్యధికులు దీన్ని అనుమతించారు. హనఫీ ఫిఖహ్‌లో ప్రసిద్ధమైన హిదాయా గ్రంథంలోనే గడువును బట్టి ధర పెరగడం లోకరీతి అన్న విషయం చర్చకు వస్తుంది. 1990 మార్చిలో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖహ్ అకాడమీ ఆరవ సమావేశం కూడా నగదు ధర కన్నా వాయిదా ధర ఎక్కువగా ఉండటం ధర్మసమ్మతమేనని తీర్మానించింది.

ఎందుకు అనుమతించారు? వ్యాపారం కూడా వడ్డీ లాంటిదే కదా అన్న ఈ వాదన పాతదే. బఖరా సూరా 275వ ఆయతులో అల్లాహ్ ఈ మాట అన్నవాళ్లను ప్రస్తావించి, రెంటినీ వేరు చేశాడు. పైకి చూస్తే రెండూ ఒకటేలా కనిపిస్తాయన్న మాట నిజం. తేడా లోపల ఉంది.

అమ్మేవాడు ముందుగా వస్తువును తాను కొని తెచ్చుకున్నాడు. అమ్ముడుపోయేదాకా అది అతని పూచీ మీదే ఉంది. కొత్తగూడెం నుండి బస్సులో వస్తుంటే కిందపడి విరిగినా, వానకు తడిసినా, కొత్త మోడల్ వచ్చి దీని ధర పడిపోయినా నష్టం అతనిదే. ఆ పూచీ భరించినవాడు ధర చెప్పే హక్కు సంపాదించుకుంటాడు. ధర చెప్పేటప్పుడు అన్నీ చూస్తాడు. రవాణా చూస్తాడు, బేరగాణ్ణి చూస్తాడు, డబ్బు ఎప్పుడు వస్తుందో కూడా చూస్తాడు. అన్నీ చూసుకుని ఒక్క మాట చెబుతాడు: 10,200. అవతలివాడు ఒప్పుకుంటాడు. అక్కడితో కాలం పని అయిపోయింది. ఇక ఆ 10,200లో ఒక్క రూపాయి కూడా కాలం పెంచలేదు. అతను ఆరు నెలల్లో ఇచ్చినా, ఏడాదికి ఇచ్చినా అది 10,200 మాత్రమే.

వడ్డీలో అలా కాదు. అక్కడ ఒప్పందం అయిపోయాక కాలం పనిలోకి దిగుతుంది. అప్పిచ్చినవాడు నిద్రపోతున్నా అతని తరఫున రాత్రింబవళ్లు కూలి చేస్తూనే ఉంటుంది. అజ్ఞానకాలపు అరబ్బుల వడ్డీ ఎలా ఉండేదో ఇమామ్ మాలిక్ (రహ్మలై) ముఅత్తాలో జైద్ బిన్ అస్లమ్ (రహ్మలై) ద్వారా నమోదైంది. గడువు తీరగానే అప్పిచ్చినవాడు వచ్చి, ఇప్పుడు చెల్లిస్తావా, లేక పెంచుతావా అని అడిగేవాడు. చెల్లించలేకపోతే మొత్తం పెరిగేది, గడువూ పెరిగేది.

అంటే గీత ఇక్కడుంది: ధర నిర్ణయించుకునేటప్పుడు కాలం వంక ఒకసారి చూడవచ్చు. మాట ఖాయమయ్యాక చూడకూడదు. కిస్తీల వ్యాపారంలో హలాల్, హరామ్‌ల తేడా చాలావరకు ఈ ఒక్క విషయంలోనే తేలిపోతుంది. మన సోదరుడి 1,200 ఈ గీతకు ఇవతలే ఉంది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఒకే అమ్మకంలో రెండు అమ్మకాలు కూడదని దైవప్రవక్త (స) వారించినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. ఇమామ్ తిర్మిజీ (రహ్మలై) దీని వివరణలో నగదుకు ఒక ధర, అరువుకు ఒక ధర చెప్పి, రెంటిలో ఏదో తేల్చకుండా విడిపోవడమే ఇక్కడ వారించబడిన సంగతి అని పండితుల మాటను పేర్కొన్నారు. రెండు ధరలు చెప్పడం తప్పు కాదు. తేల్చుకోకుండా లేవడం తప్పు. వాట్సాప్‌లో బేరాలు చేసేవారు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. "నగదుకు 9,000, కిస్తీలకు 10,200" అని ఫొటో కింద రాస్తారు. అవతలి నుండి బొటనవేలు గుర్తు వస్తుంది. వస్తువు వెళ్లిపోతుంది. ఇంతకూ అతను ఒప్పుకున్నది ఏ ధరకు? మొదటి నెల కొంత ఇచ్చి, రెండో నెలలో మిగతాదంతా తెచ్చి "నేను నగదు ధరకే కొన్నాను" అంటే ఏం చెబుతారు? కాబట్టి వస్తువు పంపకముందే "ఆరు కిస్తీలు, 10,200, ప్రతి నెలా ఫలానా తారీఖున 1,700" అని రాసి, "ఒప్పుకున్నాను" అన్న జవాబు తెప్పించుకోవాలి. ఫోన్ ద్వారా, రాత ద్వారా జరిగే ఒప్పందాలు చెల్లుతాయని పైన చెప్పిన 1990 సమావేశమే మరో తీర్మానం చేసింది. అప్పు లావాదేవీని రాసి పెట్టుకోమని చెప్పే బఖరా సూరా 282వ ఆయతు ఖుర్‌ఆన్ మొత్తంలో అన్నిటికన్నా పొడవైన ఆయతు. ఫోన్‌లో రాసినదీ రాతే.

ఆన్‌లైన్ కంపెనీల ఈఎంఐ సంగతి

ఇప్పుడు తమ్ముడి ఆధారానికి వద్దాం. పెద్ద ఆన్‌లైన్ వేదికల్లో ఫోన్ కింద "ఈఎంఐ" అని కనిపించినప్పుడు, అక్కడ అమ్మేవాడు వాయిదాల మీద అమ్మడం లేదు. అతను నగదుకే అమ్ముతున్నాడు. మధ్యలో మూడో వ్యక్తి ఉన్నాడు. బ్యాంకో, ఫైనాన్స్ కంపెనీయో. ఆ మూడో వ్యక్తి అమ్మేవాడికి ధర కట్టేసి, కొన్నవాడి పేరున అప్పు రాసుకుంటాడు. అతను ఫోన్‌ను కొనలేదు, చూడలేదు, ఒక్క క్షణం కూడా దాని పూచీ తీసుకోలేదు. ఇచ్చింది డబ్బు, తీసుకునేది డబ్బు, ఎక్కువగా. దీనికి ఫిఖహ్‌లో వేరే పేరు వెతకనక్కర్లేదు.

"అదనంగా ఏమీ ఉండదు, నో కాస్ట్ ఈఎంఐ" అన్నచోట చాలామంది దీన్‌దార్ సోదరులు కూడా మోసపోతున్నారు. లెక్క విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. ఫోన్ ధర 15,000 అనుకుందాం. ఆరు కిస్తీలు, నెలకు 2,500. మొత్తం 15,000. వడ్డీ ఏదీ? బ్యాంకు ఏడాదికి నూటికి 15 చొప్పున వడ్డీ వేస్తుందనుకుంటే, అమ్మేవాడు ముందుగానే సుమారు 635 రూపాయల తగ్గింపు ఇస్తాడు. బ్యాంకు పుస్తకంలో అప్పు 14,365, వడ్డీ 635. ఆ వడ్డీ మీద నూటికి 18 చొప్పున జీఎస్టీ, అంటే సుమారు 114 రూపాయలు, చాలా సందర్భాల్లో కొన్నవాడి లెక్కలోనే పడుతుంది. లేని వడ్డీ మీద పన్ను ఎలా వస్తుంది? 2013 సెప్టెంబరులో భారతీయ రిజర్వు బ్యాంకు, అసలు సున్నా వడ్డీ అనేదే ఉండదని, ఇలాంటి పథకాల్లో వడ్డీని వేరే రుసుముల రూపంలో దాచిపెడుతున్నారని బ్యాంకులను హెచ్చరించింది. మౌల్వీల మాట నమ్మనివారు రిజర్వు బ్యాంకు మాటనైనా వినాలి!

ఇక ఆలస్యం సంగతి. తారీఖు దాటితే జరిమానా. ఖాతాలో డబ్బు లేక చెల్లింపు తిరిగి వస్తే మళ్లీ ఒక రుసుము. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఈ విషయంలో కొంత మేలు చేసింది. ఆలస్యానికి వేసేది అదనపు వడ్డీగా కాక జరిమానాగానే ఉండాలని, దాని మీద మళ్లీ వడ్డీ లెక్కించరాదని సర్క్యులర్ ఇచ్చింది. అప్పు తీసుకున్నవారి భారం కొంత తగ్గవచ్చు. షరీఅత్ దృష్టిలో మాత్రం పేరు మారింది తప్ప పని మారలేదు. మాట ఖాయమయ్యాక ఆలస్యానికి రూపాయి తీసుకున్నా అది జైద్ బిన్ అస్లమ్ (రహ్మలై) వర్ణించిన వడ్డీయే. జిద్దా తీర్మానం కూడా దీన్ని స్పష్టంగా నిషిద్ధమంది, ముందుగా షరతు పెట్టుకున్నా సరే.

ఖమ్మం, కొత్తగూడెం పట్టణాల్లోని సెల్‌ఫోన్ దుకాణాల్లో మన పిల్లలు చాలామంది పనిచేస్తున్నారు. కొనడానికి వచ్చినవారి ఆధార్ కార్డు తీసుకుని ఫైనాన్స్ దరఖాస్తు నింపి పంపడం వాళ్ల పని. వడ్డీ తినేవాణ్ణి, ఇచ్చేవాణ్ణి మాత్రమే కాదు, ఆ పత్రం రాసేవాణ్ణి, సాక్షులను కూడా దైవప్రవక్త (స) శపించారని హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా ముస్లిం గ్రంథంలో ఉంది. రేపే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోమని నేను చెప్పను. అన్నం పెట్టేవాడు ఒక్కడే ఉన్న ఇంటికి అది చెప్పడం తేలిక కాదు. కానీ ఆ బల్ల దగ్గర నుండి అమ్మకాల వైపో, మరమ్మతుల వైపో మారడానికి ప్రయత్నించడం అతని బాధ్యత. ఇక సొంతంగా ఆన్‌లైన్‌లో అమ్మేవాడు తన ప్రకటనలో "ఫైనాన్స్ సౌకర్యం కలదు" అని రాసుకోవడం, తన చేతులారా గ్రాహకుణ్ణి వడ్డీ గుమ్మం దాకా నడిపించడమే.

చేతిలో లేని సరుకు

సెల్‌ఫోన్ వ్యాపారంలో కిస్తీల కన్నా ఎక్కువగా జరుగుతున్న తప్పు ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరూ అడగడం లేదు. హైదరాబాద్ టోకు వ్యాపారి పంపిన ఫొటోనే తమ ఫొటోగా పెట్టి, ధర చెప్పి, అమ్మేసి, ఆ తర్వాతే అక్కడికి ఆర్డరు పంపుతున్నారు. హకీమ్ బిన్ హిజామ్ (రజి) సరిగ్గా ఇదే అడిగారు. జనం తన దగ్గరకొచ్చి తన వద్ద లేని వస్తువు అడుగుతారు, బేరం ఖాయం చేసుకుని తర్వాత బజారులో కొని ఇవ్వవచ్చా అన్నారు. నీ దగ్గర లేనిదాన్ని అమ్మవద్దని దైవప్రవక్త (స) వారించారు (అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ). పైన చెప్పుకున్న పూచీ సూత్రమే ఇక్కడా ఉంది. వస్తువు పూచీ ఒక్క గంట కూడా మోయనివాడు దేనికి లాభం అడుగుతున్నాడు?

దీనికి కిస్తీలు కలిస్తే విషయం ఇంకా చెడుతుంది. వస్తువు ఇంకా రాలేదు, డబ్బూ ఇంకా రాలేదు. రెండు వైపులా మాట తప్ప ఏమీ లేదు. అప్పును అప్పుతో అమ్మడం అంటారు దీన్ని. ఇది చెల్లదన్న విషయంలో ఫుఖహాల ఏకాభిప్రాయం ఉంది. సలమ్ పద్ధతిలో సరుకు తర్వాత ఇవ్వవచ్చు కానీ అక్కడ మొత్తం ధర ముందే చేతిలో పడాలి, కిస్తీలకు చోటు లేదు.

మార్గాలు లేకపోలేదు. "నేను టోకు వ్యాపారి తరఫు మనిషిని, నాకు ఇంత కమీషను" అని చెప్పి ఏజెంటుగా ఉండవచ్చు. లేదా "సరుకు తెప్పిస్తాను, వచ్చాక నచ్చితే ఈ ధరకు కొనండి" అని మాట మాత్రమే తీసుకుని, తెప్పించి, తన స్వాధీనంలోకి వచ్చాక అమ్మవచ్చు. తెప్పించాక అతను వద్దంటే? ఆ నష్టభయమే మీ లాభాన్ని హలాల్ చేస్తున్నది. ఇక కొలతలు తీసుకుని తయారుచేయించే వస్తువులకు, అంటే బీరువాలు, తలుపులు, కుట్టించే బురఖాలు వంటివాటికి ఇస్తిస్నా అన్న ప్రత్యేక వెసులుబాటు ఉంది. వాటిలో వస్తువు తర్వాత ఇచ్చినా, ధర కిస్తీలుగా తీసుకున్నా చెల్లుతుందని 1992లో అదే ఫిఖహ్ అకాడమీ తీర్మానించింది. మన వడ్రంగి, దర్జీ సోదరులకు ఇది మంచి అవకాశం. బంగారం, వెండి నగలు మాత్రం కిస్తీల మీద అమ్మే విషయంలో జోలికి పోకపోవడమే క్షేమం. అందులో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉన్నా, హదీసులో చేతికి చేయి మారాలని చెప్పిన ఆరు వస్తువుల్లో మొదటివి ఈ రెండే.

ఫొటో చూసి కొన్నవాడికి, వస్తువు కళ్లారా చూశాక వద్దనే హక్కు మన హనఫీ ఫిఖహ్‌లో ఉంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముందే రాసి పెట్టినా ఆ హక్కు పోదు.

జరిమానా లేకపోతే వ్యాపారం నడుస్తుందా?

ఇది న్యాయమైన ప్రశ్న. ఆలస్యానికి ఏమీ వేయకపోతే ఎవడు సమయానికి ఇస్తాడు అని అడుగుతారు. పెట్టుబడి చిన్నది. నలుగురు ఎగ్గొడితే దుకాణం మూతపడుతుంది.

షరీఅత్ అమ్మేవాణ్ణి చేతులు కట్టి వదిలేయలేదు. తాకట్టు అడగవచ్చు. దైవప్రవక్త (స) అంతటివారే కవచం తాకట్టు ఉంచారు. జామీనుగా ఒక మనిషిని అడగవచ్చు. మొదట కొంత ఎక్కువ మొత్తం తీసుకోవచ్చు. స్తోమత ఉండి ఒక కిస్తీ ఎగ్గొడితే మిగతా కిస్తీలన్నీ వెంటనే చెల్లించాలని ముందుగా షరతు పెట్టవచ్చు. అందులో మొత్తం పెరగడం లేదు, గడువు తగ్గుతున్నది అంతే. స్తోమత ఉండి ఆలస్యం చేసేవాడు జాలిమ్ అని హదీసులో ఉంది, అలాంటివాడి మీద పంచాయితీకైనా, కోర్టుకైనా వెళ్లవచ్చు. ముందుగా చెల్లిస్తే కొంత తగ్గించవచ్చా అని కూడా అడుగుతున్నారు. ఒప్పందంలో షరతుగా గానీ ప్రకటనలో గానీ పెట్టకూడదు. అతను ముందుగా తెచ్చి ఇచ్చినప్పుడు సంతోషంతో వంద, రెండు వందలు వదిలేస్తే తప్పు లేదు.

వీటన్నిటికన్నా మించినది ఇంకొకటుంది. సింగరేణిలో నెల జీతం వచ్చే కార్మికుడికి నెల కిస్తీ సరిపోతుంది. పత్తి రైతుకు సరిపోదు. అతని చేతికి డబ్బు వచ్చేది పత్తి తీతల తర్వాత. జూన్, జూలైలలో విత్తనాలకు, ఎరువులకు ఉద్దెర తెచ్చుకుంటున్న మనిషిని ప్రతి నెలా 1,700 తెమ్మంటే వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లమని చెప్పినట్లే. మీ కిస్తీ హలాల్‌గానే ఉంటుంది కానీ అది తీర్చడానికి అతను చేసిన అప్పు వడ్డీది అవుతుంది. కిస్తీలు పంట చూసి పెట్టాలి. డిసెంబరులో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి అని రెండే పెట్టుకున్నా కిస్తీలే కదా!

వాయిదా చెల్లింపుల వెనక మనుషులను ఎలా నలిపేయవచ్చో మన రాష్ట్రం చూసింది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వారం వారం కిస్తీల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలు వరుసగా వచ్చాయి. ఒక గ్రూపులో ఒక స్త్రీ కట్టలేకపోతే మిగతావాళ్లు ఆమె గడప ముందు కూర్చునేవాళ్లు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత చట్టం చేసింది. వారపు కిస్తీలు ఆపించింది, వడ్డీ అసలును మించరాదంది. పదేళ్లు తిరిగేసరికి, 2020 డిసెంబరులో అదే కథ సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. లోన్ యాప్‌ల వాళ్లు బాకీదారు ఫోన్‌లోని నంబర్లన్నిటికీ అవమానకరమైన సందేశాలు పంపారు. తెలంగాణలో ప్రాణాలు పోయాయి, పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. మన సోదరుడి వాట్సాప్ గ్రూపులో కూడా రెండు వందల మంది ఉన్నారు. బాకీ ఉన్నవాడి పేరు అందులో పెట్టాలన్న ఆలోచన ఏదో ఒక రోజు వస్తుంది. అది కిస్తీ వసూలు చేయడం కాదు, ఒక ముస్లిం లేదా ముస్లిమేతర పొరుగువాడి పరువు తీయడం.

నిజంగానే లేనివాడి సంగతి వేరు. పత్తి వానకు తడిసి నల్లబడింది, ఇంట్లో జబ్బు పడ్డారు. బఖరా సూరా 280వ ఆయతు ప్రకారం వెసులుబాటు కలిగేదాకా అతనికి గడువివ్వాలి. ఇది దయ కాదు, తప్పనిసరి విధి. మాఫీ చేయడం మాత్రం ఐచ్ఛికం. అయినా అదే ఉత్తమమని అదే ఆయతు చెబుతున్నది. ఇమామ్ సుయూతీ (రహ్మలై) వంటివారు ఇక్కడ ఒక చక్కని విషయం చెప్పారు. మామూలుగా ఫర్జ్‌కు నఫిల్ కన్నా పుణ్యమెక్కువ. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో ఇదొకటి. గడువివ్వడం ఫర్జ్, మాఫీ నఫిల్, అయినా నఫిలే గొప్పది. సలాముకు జవాబివ్వడం కన్నా ముందుగా సలాము చేయడం గొప్పదైనట్లు. జనానికి అప్పులిచ్చే ఒక వ్యాపారి, లేనివాడు ఎదురైతే చూసీ చూడనట్లు పోనిమ్మని తన పనివాడికి చెప్పేవాడని, అల్లాహ్ కూడా అతని విషయంలో అలాగే చేశాడని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఆ మనిషి కూడా అరువు వ్యాపారమే చేశాడు!

చివరగా జకాత్ గురించి. కిస్తీల మీద వ్యాపారం చేసేవాళ్లు ప్రతి సంవత్సరం చేతిలోని డబ్బు, సరుకు మాత్రమే లెక్క కట్టి రావలసిన బాకీలను వదిలేస్తున్నారు. హనఫీ ఫిఖహ్‌లో అమ్మిన సరుకు తాలూకు బాకీ మీద కూడా జకాత్ ఉంది. ప్రతి ఏటా మొత్తంతో కలిపి ఇచ్చేయవచ్చు, లేదా బాకీ చేతికి వచ్చినప్పుడు గడిచిన సంవత్సరాలకు లెక్కకట్టి ఇవ్వవచ్చు. ఇందులో ఒక పొరబాటు తరచుగా జరుగుతున్నది. లేనివాడి దగ్గర 3,400 బాకీ ఉండిపోయింది, దాన్ని మాఫీ చేసి, ఆ మొత్తాన్ని తన జకాత్‌లో జమ వేసుకుంటున్నారు. అలా చెల్లదు. జకాత్ అతని చేతికి ఇవ్వాలి. అతను జకాత్‌కు అర్హుడైతే ముందు 3,400 అతనికి ఇచ్చి, యజమానిని చేసి, ఆ తర్వాత తన బాకీ అడగవచ్చు. అతను ఇస్తే బాకీ తీరింది, జకాతూ నెరవేరింది. ఒకవేళ ఆ డబ్బు పిల్లల మందులకు ఖర్చుపెట్టుకుంటే జకాత్ మాత్రం నెరవేరినట్లే, బాకీ మళ్లీ గడువులో ఉంటుంది.